చెప్పుల కాపలా

గేమ్స్ పీరియడ్ అంటే మా సంగడిగుంట బడిలో
లెక్కల సారు అప్పడిగే పీరియడ్.
ఇస్తే తిరిగిరాదు.
ఏడేళ్ళుగా మొహమాటానికి ఇచ్చేసి
స్టాఫ్‌రూములో హాజరుపట్టీలకి గీతలు కొట్టుకునేదాన్ని,
డ్రిల్లు టీచర్ని.

ఆ శుక్రవారం సారుకి జ్వరం.
మిర్చియార్డు మీంచి గాలి ఇటు మళ్ళింది.
సీజను కదా, గుంటూరంతా గొంతులో గరగర.
తుమ్ముకుంటూ, ముక్కులు చొక్కాలకి తుడుచుకుంటూ
ఆరో తరగతి బయటికి ఉరికింది.

ఉరకనివాడు ఒక్కడే,
నాగుల్‌మీరా.
నీళ్ళట్యాంకు నీడలో సిమెంటు దిమ్మ వాడి చోటు.
ముందు నలభై జతల చెప్పులు,
ఒళ్ళో శౌరి కళ్ళద్దాలు, ఎవరిదో తాయెత్తు,
నాంచారి రిబ్బన్లు.
ఏ చెప్పు ఎవరిదో కళ్ళు మూసుకుని చెబుతాడు.
అరిగిన మడమని బట్టి
ఎవరు ఎటు ఒరిగి నడుస్తారో కూడా.

"వీడుంటే ఒక్క చెప్పూ పోదు, బంగారం" అని
హెడ్‌మిస్ట్రెస్ గారు పంద్రాగస్టున మైకులో మెచ్చుకున్నారు.
నేనూ చప్పట్లు కొట్టాను.
ఆ చప్పట్లు ఇప్పుడు తలుచుకుంటే
చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలీదు.

నీళ్ళ సీసా అందిస్తూ
వాడి అరచెయ్యి పట్టుకున్నాను.
కాయలు కాచి, మడమలా ఉంది.
"ఇంటికెళ్ళగానే కాలిపర్లు విప్పేస్తా మేడమ్,
అమ్మ తొడాలు తీసే షెడ్డు దాకా చేతుల మీదే వెళ్తా" అన్నాడు,
దాందేముందన్నట్టు.

ఏం తోచిందో, విజిల్ ఊదాను.
అందరూ కూర్చోండి.
కూర్చున్నారు నీరసంగా, పాఠమేమో అనుకుని.
"కబడ్డీ" అన్నాను. "లేస్తే అవుటు."
చెప్పులు విడిచి నేనూ గీత మీద చతికిలపడ్డాను.

కాసేపు నవ్వులే నవ్వులు.
తిరగబడ్డ తాబేళ్ళలా నా మెరికలు!
ట్యూషన్ల మధ్య పెరిగిన శౌరి
రెండు గజాలు జరిగి అరచేతులు ఊదుకున్నాడు.
మండలం ఆటల్లో కప్పు తెచ్చిన బాజీ
మూడో కూతకే "అమ్మో భుజాలు" అన్నాడు.

అప్పుడొచ్చాడు నాగుల్‌మీరా.
కాలిపర్లు దిమ్మకి ఆనించి,
కూత పట్టుకుని,
పదకొండేళ్ళ సాధన చేతుల్లో పెట్టుకుని.
గీత దాటడం నాకు కనపడలేదు, దుమ్ము కనపడింది.
ముగ్గుర్ని ముట్టి వెనక్కి తిరిగాడో లేదో
బాజీ వాడి నడుం పట్టేశాడు,
గట్టిగా, జాలి అన్నదే లేకుండా.
అది చూశాక నా ఊపిరి నాకొచ్చింది.
బాజీతో సహా ఈడ్చుకుంటూ వచ్చి
చిటికెనవేలితో గీత తాకాడు.

నాంచారికి వినపడదు.
కూత ఆగిందో లేదో తెలీక
ఎప్పుడూ తనే పక్కకి తప్పుకునేది.
ఇవాళ ఎవరు అవుటైనా
మిగతావాళ్ళు నేలని దబదబా బాదుతున్నారు.
ఆ మోత దాని అరికాళ్ళ నుంచి ఎక్కింది, తొడల నుంచి ఎక్కింది.
తల తిప్పి నాకేసి చూసింది,
ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచారన్నట్టు.

బెల్లు కొట్టేసరికి నలభై నిక్కర్లూ గౌన్లూ మట్టే.
రేపు తల్లుల సబ్బు ఖర్చు నా ఖాతాలో.
నాగుల్‌మీరా మోచెయ్యి చెక్కుకుపోయింది.
మందు రాస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
"ఇప్పుడే వద్దు మేడమ్.
ఆటలో తగిలిందని అమ్మకి చూపించాలి."

అప్పుడు గుర్తొచ్చాయి చెప్పులు.
అన్నీ ఉన్నాయి,
నా ఎడమకాలిది తప్ప.
గేటు బయట కుక్క ఒకటి
తీరిగ్గా పడుకుని నములుతోంది.

ఒంటిచెప్పుతో, కాలే తారురోడ్డు మీద
కుంటుకుంటూ వెళ్ళి షేర్‌ఆటో ఎక్కాను.
"ఏమైంది టీచరమ్మా, చెప్పు పోయిందా?" అన్నాడు డ్రైవరు.

కాపలావాడు ఆటకెళ్ళాడు, అన్నాను.