కాజాలు

ఆ రోజు చెన్నైలో చెంబులో నీళ్ళు కూడా తొణకలేదు.
మింట్ వీధి టీకొట్టులో గ్లాసులు గలగలమన్నది
కడిగే పిల్లాడి చేతుల్లోనే.
ఎక్కడో ఉత్తరాన, కొండల మీద,
నలభై సెకన్లు.

మూడో రోజుకి కల్యాణ మండపం నిండింది.
వాకిట్లో ఇంకా ఎవరివో థర్మోకోల్ పేర్లు,
పెళ్ళికూతురి చివరక్షరం ఊడి వేలాడుతోంది.
లోపల, ఊరు విడిచిన బట్టలు
నా ఛాతీ ఎత్తున.
నాది చిట్టా రాసే పని.
లారీ బుకింగ్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు
మూటలు లెక్కపెట్టినవాణ్ణి.
మూటలో ఏముందని అడగకపోవడమే
మా వృత్తిధర్మం.

అడిగింది దేశమ్మ.
పాత చాకలిపేట నుంచి ఆటోలో
కుట్టుమిషను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.
మొదటి చొక్కా ఎత్తి ట్యూబులైటుకి పట్టింది.
"చూసినావా సామీ, గుండీలు కోసుకుని ఇచ్చినారు."
రెండోదీ అంతే.
పదోదీ.
ఇచ్చే చెయ్యి, ఇచ్చేముందు
కత్తెర వెతుక్కుంది.

"కొండల్లో చలి. గుండీ లేని చొక్కా
చొక్కా కాదు, జెండా."
హార్లిక్స్ సీసా చాప మీద బోర్లించింది:
నలభై ఏళ్ళ గుండీలు.
బడిపిల్లల తెల్లవి, పోలీసు ఇత్తడివి,
పోయిన మొగుడి సఫారీవి మూడు.
నాలుగు రాత్రులు.
సూదిలోకి దారం ఎక్కించడం నా వంతు.
జేబుల్లో దొరికేవి:
బస్సు టిక్కెట్టు, పసుపు వెలిసిన అక్షతలు,
"రోజుకి రెండు, భోజనం తర్వాత" అని ఒక డాక్టరు చీటీ.
అవేవీ చిట్టాలో రాయలేదు.

రెండువందల పదకొండు మూటలు
సెంట్రల్ పార్శిల్ ఆఫీసులో తూకమయ్యాయి.
వాటి వెంట ఇళంగో వెళ్ళాడు.

తిరిగొచ్చి ఫోన్లో ఫొటో చూపించాడు.
చూపించాలా వద్దా అని
రెండు టీలు తాగాక.
కొండదారి మలుపు. వాన.
పగిలిన మూటలు, బురదలోకి చేతులు చాచిన చొక్కాలు.
విప్పడానికి మనుషుల్లేరు, పెట్టడానికి గోడల్లేవు.
అన్ని ఊళ్ళూ బట్టలే పంపాయి.
కుప్ప మీద ఒక మేక
ముడుచుకుని పడుకుని ఉంది.
దాని మెడ కింద ఒక ఎర్ర గుండీ.

దేశమ్మ ఫోను దగ్గరికీ దూరానికీ జరిపి చూసింది.
తనదని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.
"ఆ మేకకన్నా చలి తీరిందిలే" అంది.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
ఫ్యాన్ కిర్రుమంటోంది.
"వాళ్ళేమంటున్నారు?"
"బట్టలు చాలు, పైన ఏదన్నా కప్పండి అంటున్నారు."

ఆమె లేచి, కొంగు దోపుకుని,
మిషను సూది విప్పేసింది.
"తార్పాయికి పద్నాలుగో నంబరు విరుగుతుంది.
పద్దెనిమిదిది తీసుకురా, బ్రాడ్వేలో.
దొరక్కపోతే అడిగి తీసుకురా."

ఆదివారం మండపంలో మళ్ళీ పెళ్ళి.
మమ్మల్ని వెనక వసారాకి, గుండిగల పక్కకి జరిపారు.
నాదస్వరం ఊపందుకున్నప్పుడల్లా
ఆమె కాలు కూడా వేగం పెంచేది, తనకి తెలీకుండానే.
నీలం రేకులాంటి గుడ్డ అంచు మడిచి, లోపల తాడు పెట్టి కుట్టి,
మూరకొకటి ఇత్తడి వలయం సుత్తితో దిగ్గొట్టేది.
"ఇవీ కాజాలే సామీ.
ఇంటివి."

ఈసారి చిట్టాలో 'సరుకు వివరం' అన్న గడి దగ్గర
కలం ఆగింది.
ఇరవై రెండేళ్ళూ అక్కడ
'మూటలు' అనే రాశాను.
"కప్పులు. నూట నలభై.
ప్రతి రంధ్రంలోనూ వేలు పెట్టి చూసి పంపడమైనది."
గుమాస్తా చదివి నవ్వాడు, ముద్ర వేశాడు.

అవి ఎవరి మీద కప్పారో తెలీదు.
ఇళంగో మళ్ళీ వెళ్ళలేదు, ఉద్యోగం వచ్చింది.
ఫ్యాన్ చల్లగా తగిలే రాత్రుల్లో మాత్రం
నాకు ఆ మేక కనిపిస్తుంది,
మెడ దాకా గుండీలు పెట్టుకుని,
నిదానంగా నెమరేస్తూ.