బోగట్టా

శుక్రవారం సాయంత్రం పర్లాకిమిడి నుంచి రైలొచ్చింది.
గుణుపురం స్టేషన్లో జట్టంతా దిగింది,
ఆరో నంబరు దిగలేదు.

ఆ ఆరు నేనే కుట్టాను.
తెల్ల రేయాన్ గుడ్డ, రెండు వరసల కుట్టు,
కడుపు కొంచెం గుండ్రంగా వచ్చిందని
పాత్రో మాస్టారు నవ్వాడు కూడా.
ఎనోస్ రైకా నా కొట్టు గడప ఎప్పుడూ తొక్కలేదు.
నన్ను చూస్తే పోల్చుకోలేడు.
మూడేళ్లుగా గ్రౌండు గోడెక్కి
అరిచే గొంతుల్లో నాదొకటి, అంతే.

మొదటి బోగట్టా కండక్టరు దండాసి తెచ్చాడు:
కాలు మెలిపడింది, పసుపు పట్టు చాలు.
రెండోది పాన్ కొట్టు నీలాద్రిది:
టప్‌మన్న శబ్దం గోలుపోస్టు దాకా వినబడిందట.
శనివారం పొద్దున్నకి కాలు విరిగింది.
మధ్యాహ్నానికి అతుక్కుంది.
రాత్రి బరంపురం పెద్దాసుపత్రిలో
కోత పెట్టాలన్నారు, వద్దన్నారు,
కటకం తీసుకెళ్లిపోయారు, ఇంటికి తెచ్చేస్తున్నారు.
ఒక్క మోకాలు
ఎన్ని ఊళ్లు తిరిగిందో ఆ రెండ్రోజుల్లో!

సోమవారం ఒడియా పేపరు కొన్నాను.
మాటాడతాను గాని, చదవడమంటే నాకు కూడబలుక్కోవడమే.
గుండ్రటి తలకట్ల కింద వేలు జరుపుకుంటూ
ఆఖరి పేజీ అడుగున నాలుగు వరసలు.
'ఆంఠు' దాకా వచ్చాను.
మా ఇంట్లో మోకాలంటాం.
ఏ బాసలో అన్నా అది వంగాలి కదా.
తర్వాతి మాట దగ్గర పేపరు మడతపడి సిరా చెరిగిపోయింది.
తవుడు గాణ్ణి బడికి పోనీకుండా ఆపి చదివించాను.
"దెబ్బ ఎంతటిదో తెలియరాలేదు" అన్నాడు.
తెలియరాలేదని తెలుసుకోడానికి ఆరు రూపాయలు.

దాచడమెందుకు,
నేను దేవుణ్ణి అడిగింది ఆ కుర్రోడి కాలు కాదు.
ఆదివారం ఫైనలు.
రాయగడ వాళ్ల మీద పదిహేనేళ్లుగా నెగ్గలేదు మేం.

బుధవారం మాస్టారు ఆరో నంబరు చొక్కా పట్టుకొచ్చాడు,
వేరే కుర్రోడికి భుజాలు రెండంగుళాలు తగ్గించమని.
మిషను పాడయిందన్నాను.
తవుడు కిందకి చూశాడు,
తొక్కుడు పలక మీద నా కాలు ఇంకా ఆడుతోంది.

గురువారం ఒక పెద్దాయన.
సంచిలోంచి పచ్చి పసుపు కొమ్ముల వాసన,
వాసన వెనకాల ఒక ప్యాంటు.
"ఎడం కాలు ఒదులు చెయ్యాల బాబూ."
ఎంత, అన్నాను.
ఆయన రెండు చేతులూ గాల్లోకెత్తి
గుండ్రంగా పట్టుకుని నిలబడ్డాడు,
నిండుకుండని దించుతూ
మధ్యలో ఆగినట్టు.
ఆ గాలి చుట్టూ టేపు తిప్పాను.
ఆ ఈడు కుర్రోళ్ల మోకాలికి పద్దెనిమిది పెడతాం.
ఇరవై ఆరు.

వారంలో నా చేతికి తగిలిన
మొదటి నిజం బోగట్టా అది.
ఎవడి నోటా రాలేదు.

ఫైనలు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.
పేరడిగాను. రైకా అన్నాడు.
కొత్త పేరేదో విన్నట్టు చిట్టాలో రాసుకున్నాను.
ఎప్పటికి కావాలి?
"తొందరేటీ నేదు. ఆడెక్కడికీ పరిగెట్టడు."

లోపలి కుట్టు అడుగు దాకా విప్పాను.
అతుకు గుడ్డ పెట్టి కచ్చా కుట్టు వేశాను,
ఒక్క దారం లాగితే
మళ్లీ పద్దెనిమిదికి వచ్చేలా.
కూలి తీసుకున్నాను.
ఊరికే ఇస్తే ఎందుకని అడుగుతాడు.

ఆదివారం గ్రౌండు వైపు నుంచి పెద్ద అరుపు,
మాదో, రాయగడ వాళ్లదో.
ఆరో నంబరు కొక్కానికే వేలాడుతోంది.
కనుక్కొస్తానని తవుడు పరుగు తీశాడు.
వెనక్కి పిలిచి చెప్పాను:
వచ్చేటప్పుడు బస్టాండు మీదుగా రా,
బరంపురం బండి వచ్చిందేమో చూసి.