గేటుకి తెలియాలి

మైనస్ ఇరవై రెండు.
సరిగ్గా గేటు ముందు ఫోను చచ్చింది.
నా వెనక నలభై మంది నిట్టూర్పుల పొగ.

చలికి ముడుచుకున్న కోడిపిల్లని దాచుకున్నట్టు
చంకలో పెట్టుకున్నాను.
లేవలేదు.

గేటు దగ్గర కర్టిస్ పెల్కీ.
వాడికి ఆరేళ్ళప్పుడు ఈ వాలు మీదే
నా మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని జారడం నేర్పాను.
"నువ్వెవరో నాకు తెలుసు రోవీనా,
గేటుకి తెలియాలి కదా" అన్నాడు
తన బూట్లకేసి చూసుకుంటూ.

వాళ్ళ నాన్న కాలంలో టికెట్టంటే
జిప్పుకి వేలాడే అట్టముక్క.
కత్తెర టిక్కుమని చిల్లు పొడిచేది.
డబ్బు తక్కువైతే "శుక్రవారం ఇద్దువులే" అనేవాడు.
ఆ శుక్రవారాల్లో కొన్ని నేనింకా బాకీ.

ఇప్పుడు కొండని ఎవరో కొన్నారు.
మంచు పడని ఊళ్ళో వాళ్ళ ఆఫీసట.
కారు ఆపినందుకు ముప్పై అయిదు డాలర్లు,
గిన్నెడు సూపుకి పందొమ్మిది,
అదీ గోరువెచ్చగా.

స్కీలు భుజానేసుకుని
అడవి అంచు పట్టుకుని ఎక్కాను.
గంటా నలభై నిమిషాలు.
బర్చ్ చెట్ల కింద కుందేలు అడుగులు,
వాటి మీద నావి.
తలపైన
కిందికొచ్చే కుర్చీలన్నీ ఖాళీ.

శిఖరం మీద, చెమట పట్టిన చొక్కా లోపల
ఫోను బతికింది. వణికింది.
"స్వాగతం, అతిథీ!
మీ లిఫ్ట్ ప్రయాణం ఎలా సాగింది?
అయిదింటికి ఎన్ని నక్షత్రాలిస్తారు?"

జవాబివ్వాలంటే చేతి తొడుగు తీయాలి.
తీయలేదు.

కింద, గేటు దగ్గర, చుక్కంత కర్టిస్
చెయ్యెత్తాడు.
నాకేసి ఊపుతున్నాడో
ఇంకెవర్నో ఆపుతున్నాడో.