మూడో నంబరు ఇంట్లో ఎవరూ లేరు

కంచరపాలెం గేటు అవతల
బోట్లకి ప్రొపెల్లర్లు పోతపోసే షెడ్డు.
ఇసుక అచ్చుల పక్కన, పాత దుప్పటి కప్పుకుని
ఒక యూనిక్స్ పెట్టె.
ఇరవై ఎనిమిదేళ్ల రెక్కల వంపులన్నీ
దాని కడుపులోనే ఉన్నాయి.

శుక్రవారం నుంచి దాని డిస్కు
గొంతులో గులకరాయి పడ్డట్టు టక్, టక్.
అది పూర్తిగా పోయేలోపు
ఉన్నదంతా టేపు మీదికి దించుకున్నాను.
లింగమూర్తి గారు గుమ్మంలో నిలబడి
"మూడు బోట్లు ఒడ్డునున్నాయి, వేట నిషేధం ఎత్తేస్తే
మొదటి రోజే దిగాలి" అన్నారు.
ఎప్పటికి అవుతుందని మాత్రం అడగలేదు.
అడిగుంటే బాగుండేది,
ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి.

కొత్త డిస్కు కొత్తదేం కాదు.
డాబా గార్డెన్స్‌లో మూతబడ్డ షాపు అటక మీద
తొమ్మిదేళ్లు పడుకున్నది.
ముప్పై ఆరు గిగాబైట్లు.
దాని నోటికి ఎనభై పళ్లు,
ఇక్కడి కేబులుకి యాభై చిల్లులు.
మధ్యలో అడాప్టర్ అనే దుబాసీని కూర్చోబెట్టి
స్విచ్చేశాను.

పెట్టె లేస్తూనే రాత్రి బీటు కానిస్టేబుల్లా
ఒక్కో తలుపూ తడుతుంది.
సున్నా.
ఒకటి.
రెండు.
మూడు.
మూడో నంబరు ఇంట్లో ఎవరూ లేరు.

జంపరు తీశాను. పెట్టాను. తిప్పి పెట్టాను.
ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము,
పెన్సిలు రబ్బరుతో రుద్దాను.
కేబులు చివర టెర్మినేటరు వదులైతే
అన్న మాట కొసకి కొట్టుకుని వెనక్కొస్తుంది.
ఒక్క డిస్కే ఆరుగురై పలికింది కాసేపు.
బిగించాను.
ఆరుగురూ పోయారు,
ఆ ఒక్కడితో సహా.

రాత్రి పదకొండు. కిరండోల్ గూడ్సు పోతుంటే
షెడ్డు రేకులు, నా స్క్రూడ్రైవరు, టీ గ్లాసు
అన్నీ ఒకే శ్రుతిలో వణికాయి.
ఇసుక జల్లిస్తున్న వరహాలు
జల్లెడ పక్కన పెట్టి వచ్చింది.
చల్లారిన రెక్కని చిన్న సుత్తితో తట్టి
పగులెక్కడుందో చెవితో చెప్పే మనిషి.
డిస్కు మీదికి వంగి విన్నది.
మళ్లీ ఆపి వెయ్యమంది.
మళ్లీ విన్నది.

"అదింకా నెగనేదు బావూ.
నీ పెట్టి అప్పుడే పిల్సేసి ఎలిపోతంది."

నాలుగు రోజులుగా నేను కళ్లతో వెతుకుతున్నాను.

డిస్కుకి వేరే కరెంటు ఇచ్చాం. ముందు దాన్ని లేపాం.
వరహాలు వేలి కణుపుల మీద ఇరవై లెక్కపెట్టింది.
సన్నగా మొదలై, పైకెక్కి, ఒకచోట నిలబడింది కూత.
అప్పుడు పెట్టె.
సున్నా, ఒకటి, రెండు,
మూడు దగ్గర
ఒక తయారీదారు పేరు, తెల్లటి అక్షరాల్లో.

అంతటితో అయిపోతే నేను ఇంటికెళ్లేవాణ్ణి.
ఈ కెర్నలుకి రెండు గిగాబైట్లు దాటితే లెక్క రాదు.
సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు
సిమెంటు సంచీ అట్ట మీద గుణించాను.
తప్పు గుణించాను. మళ్లీ గుణించాను.
చివరికి డిస్కు చెవిలో చెప్పాను:
ఎవరైనా అడిగితే నువ్వు చిన్నదానివి.
సరేనంది.
మిగిలిన ముప్పై నాలుగూ ఎవరి పేరునా లేని ఖాళీ జాగా.
విశాఖపట్నం మొత్తంలో
అంత స్థలం అలా పడుండటం
ఇంకెక్కడా చూడం.

తెల్లవారుతుండగా టేపు తిరిగింది.
తెర మీద మొదట తేలినది
తొంభై తొమ్మిదో సంవత్సరపు నాలుగు రెక్కల బొమ్మ,
వంపు దగ్గర వెంట్రుకంత తేడా లేదు.
వరహాలు తల పక్కకి వాల్చి చూసింది.

"నాను పోసిందే. మూడో రెక్కల బుడగుండిపోనాది.
ఆయేడు ఎవుడికీ సెప్పనేదు."

బొమ్మని పెద్దది చేసి చూశాను.
ఇంకా పెద్దది చేశాను.
ఆ బుడగ ఫైల్లో లేదు.

సుద్దముక్కతో పెట్టె మూత మీద రాశాను:
ముందు డిస్కు. ఇరవై అంకెలు. తర్వాత ఇది.
లింగమూర్తి గారు వచ్చి చదివి
ఇరవై ఎందుకు, పది చాలదా అన్నారు.