దగ్గరగా పోయింది

రెండూ నలభైకి వస్తుందన్నాడు
మేత కంపెనీ కుర్రాడు సుధీరు.
బస్సంత రాయంట, చంద్రుడికి ఇవతల నుంచే
మన నెత్తిమీదుగా పోతుందంట.
"కనపడదు బాబాయ్, పడుకో" అని బండెక్కాడు.

కాట్రేనికోన రొయ్యల చెరువు కాపలావాడికి
పడుకోమని చెప్పేవాడూ ఒకడు!

దూరంగా గ్యాసు మంట ఆకాశం అంచు కాలుస్తోంది.
ఏరేటర్లు నీళ్ళను చిలుకుతూనే ఉన్నాయి.
రెండూ ఇరవైకి కరెంటు పోయింది.

నీళ్ళు ఆగాయి.
ఆరెకరాల చెరువు నిండా చుక్కలు.
తొమ్మిదేళ్ళుగా ఈ గట్టు మీదే ఉన్నాను,
ఇన్ని ఉన్నాయని తెలీదు.
తప్పే, ఎంతసేపో నిలబడిపోయాను.

గట్టు వారకి రొయ్యలు తేలిపోతున్నాయి.
లైటు పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను.
మూడోసారి తిప్పితే గాని జనరేటరు అంటుకోలేదు.
చుక్కలన్నీ మళ్ళీ నురగ.

వాచీ చూస్తే రెండూ యాభై.
పోయిందన్నమాట,
మడచెట్ల మీదుగా, మొగ దాటి, సముద్రం మీదికి,
ఎవర్నీ లేపకుండా.

చెక్‌ట్రే పైకి లాగాను.
మూలనున్న రొయ్య కళ్ళు
నా లైటుకి నిప్పుల్లా వెలిగాయి.
దానికి నేనెవరో తెలీదు.
దగ్గరగా వచ్చాను, అంతే.

ట్రేని మెల్లగా నీళ్ళలోకి వదిలాను.