పన్ను లేని ఖాతా

ఆదోనిలో నేను విప్పని పరుపు తక్కువ.
గేరి గేరీ తిరిగి
గడ్డకట్టిన దూదిని మిషన్లో ఏకి
మళ్ళీ నింపి కుడతా.
దుమ్ము నాకు, మెత్తదనం వాళ్ళకు.

పరుపుల కడుపులో ఏముంటాయో నాకు తెలుసు.
తలనొప్పి మాత్రల అట్ట, పాలసీసా మూత,
మొగునికి కనపడకుండా దాచిన జాబు.
మండిగిరిలో ఒక ముసలామె పరుపులో
పాత అయిదువందల నోట్లు, పద్దెనిమిది.
"మనవరాలి కాలేజీకి దాసినా నాయనా" అనింది.
అప్పటికే అవి చెల్లక రెండేండ్లు.
చెప్పినా. విన్నాది.
ఒక్కొక్క నోటూ తొడ మీద సాపు చేసి
అదే దూదిలో పెట్టి కుట్టమనింది.
కుట్టినా.
ఆ పొద్దు సూది రెండుసార్లు ఏలుకు దిగింది.

ఆ వచ్చే సోమవారం
నఫీసాను సైకిల్ ముందర కూర్చోబెట్టుకొని
పోస్టాఫీసుకు పోయినా.
ఏడేండ్ల పిల్ల. దావ పొడుగునా
కదిలే ముందుపన్నును నాలుకతో తోస్తానే ఉంది.

శేషఫణి సారు అద్దాలు ముక్కు కొసకు దించి
ఆడపిల్లల ఖాతా సంగతి చెప్పినాడు.
ఏడాదికి రెండువందల యాభైకి తగ్గకుండా
పదైదేండ్లు కట్టాల.
పద్దెనిమిది నిండినాక చదువుకు సగం తీయొచ్చు.
"ఇంగో సంగతి దస్తగిరీ,
కట్టేదానికి పన్ను లేదు, వడ్డీకి పన్ను లేదు,
ఆఖర్న వచ్చేదానికీ పన్ను లేదు."

నా ఎనకాల పత్తి మండీ సేటు
తల ఊపినాడు. ఆయనకు అర్థమైంది.
"నాకు పన్ను యాడిది సార్?
పన్ను కట్టాలంటే ముందు సంపాదన ఉండాల గదా?"

సారు నగలేదు.
స్టాంపును సిరా మెత్త మీద ఒత్తుతా
"నీకు లేదులే. రేపు ఆ పిల్ల కడతాది" అన్నాడు.

అంతలో నఫీసా నా చొక్కా గుంజింది.
అరచేతిలో బియ్యపు గింజకంటే రవ్వంత పెద్దది,
నెత్తుటి చుక్కతో.
"నాయనా, నాకూ పన్ను లేదు!"
లైనంతా నగింది, సేటుతో సహా.

ఇంటికొచ్చి పన్నును పాస్‌బుక్కు కవర్లో పెట్టబోతే
మాబున్ని ఊరుకోలేదు.
"ఇంటి మీద ఏయాల. దాసుకుంటే కొత్తది రాదు."
రేకుల మీద టప్‌మనింది.
దొర్లిన సప్పుడు కూడా ఇనపడింది కాసేపు.

ఆ తర్వాత ఫోం పరుపులొచ్చినాయి.
వాటిని ఎవరూ ఏకించుకోరు,
విప్పినా వాటిలో ఏమీ ఉండదు.
ఒక ఏడు వానలకు మిషన్ తడిసి
కట్టాల్సింది కట్టలేక పోయినా.
మరుసటేడు యాభై జరిమానాతో కలిపి కట్టింది మాబున్ని,
పత్తి తీసిన కూలితో,
ఏళ్ళకు కాయల గీతలతో.

ఇప్పుడు నఫీసా తొమ్మిదో తరగతి.
వడ్డీ లెక్క తనే సరిచూస్తాది.
"నాయనా, ఇది ఒక ఏడాది హాస్టలుకే సాలదు" అంటాది,
తప్పు పట్టినట్లు కాదు, లెక్క చెప్పినట్లు.
నేనేమంటా?
సాలదనే తెలుసు. కట్టేదే తెలుసు.

మొన్న మండిగిరి నుంచి పిలుపొచ్చింది.
ముసలామె పోయిందంట. అదే పరుపు, నా కుట్టే.
విప్పితే పద్దెనిమిదీ ఉన్నాయి.
"ఇవేంటివి అన్నా?" అని మనవరాలు,
చంకలో బిడ్డ.
"నువ్వు యాడిదాంక సదివినావు తల్లీ?"
"ఇంటరు. ఏం?"

ఏం లేదన్నా.
కూలి తీసుకొని, సైకిలెక్కి,
బడి కాడ నఫీసాను ఎక్కించుకొని తొక్కినా.
మార్చి నెల ఆఖరు. పోస్టాఫీసు ఇంకా మూయలేదు.
చలానా తనే రాసింది, నా పేరుతో సహా.
అంకె కాడ పెన్ను ఆపి
"ఎంత నాయనా?" అనింది.

జేబులో ఉండేదంతా తీసినా.
నోట్లకు దూది అంటుకోనుంది.
ఒక్కొక్కటే ఊది ఇచ్చినా.