వెనక నుంచి గీయాల్సిన గీత

మొదటి వారమంతా తెలుపే.
డండీలో, నది వైపు కిటికీలున్న మూడో అంతస్తులో
అర్బత్‌నాట్ టీచరు డబ్బా మూత తీసి అంది:
"నాలుగొందల ఏళ్ల కిందట దీంట్లో సీసం కలిపేవాళ్లు.
సీసం అందంగా నడుస్తుంది, నిదానంగా చంపుతుంది.
మనది జింకు. భయపడకుండా పూసుకోండి."

ఫెర్గస్ నా ముఖానికి పూశాడు
గోడకి వెల్ల వేసేవాడిలా, నాలుక కొసని కొరుక్కుంటూ.
పైన గుడ్డు తెల్లసొన.
ఆరేదాకా నవ్వొద్దన్నారు.
వద్దంటే ఆగేదా నవ్వు?
ముక్కు పక్కన సన్నగా బీట తీసింది
రాణీగారి మొహం.

తర్వాత శతాబ్దాలు గబగబా వచ్చిపడ్డాయి.
మశూచి గుంటల మీద అతికించిన నల్ల పట్టుచుక్కలు
(కుడి చెంపనైతే ఒక పార్టీ, ఎడమనైతే ఇంకొకటి),
ఎలుకతోలు కనుబొమలు,
సగానికి కత్తిరించినట్టు చిన్నదైపోయిన ఎర్రటి పెదవి.
మధ్యాహ్నాలు మాత్రం ఈ కాలానివి:
సిలికాన్ గాయాలు, ఎయిర్‌బ్రష్ సొద,
కెమెరా కంటపడే ప్రతి చర్మరంధ్రం.
గాయాలు నాకు చప్పున పట్టుబడ్డాయి.
మూడు రోజుల నాటి కమిలిన మచ్చకి
అంచున పసుపు ఎంత కావాలో
నా వేలికే తెలిసేది.

చేతకానిది గీత.
యుద్ధకాలపు పాఠం అది. మేజోళ్లు దొరకని రోజుల్లో
ఆడవాళ్లు కాళ్లకి రంగు పూసుకుని
పిక్క వెనక కనుబొమల పెన్సిల్‌తో
లేని మేజోడుకి కుట్టు గీసుకునేవాళ్లట.
మడమ నుంచి మోకాలి మడత దాకా, అంతే.
గీశాను, వంకర.
తుడిచాను. ఈసారి ఇంకోవైపు వంకర.
టీచరు "ఊఁ" అంది.
ఆ ఊఁకి మార్కులుండవు.

ఆ సాయంత్రం ఇరవై రెండో నంబరు బస్సు. నవంబరు.
పొట్టి స్కర్టు, సొంత కాళ్ల మీద సొంత తప్పులు,
కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.
వెనక సీట్లోంచి ఒక చేతికర్ర
నా పిక్కని తట్టింది.
"ఎవరు గీశారమ్మాయ్ ఇది?"
"నేనే."
"అదీ సంగతి."

పేరు నెట్టా. తొంభై దాటాయట,
ఎన్ని దాటాయో చెప్పలేదు.
"మా అక్క ఎఫీది జనపనార మిల్లులో పని. శనివారం డాన్సు.
పులుసుకి రంగొచ్చే పొడి ఉండేది చూడు, అదే కాళ్లకి.
వానొస్తే పులుసు కారేది, వీధికుక్కలు వెంటపడేవి.
అక్క వంటింటి బల్లెక్కి నిలబడేది.
నాకు ఎనిమిదేళ్లు, పిక్క సరిగ్గా నా కళ్ల ఎత్తున.
చిటికెన వేలు కాలికి ఆనించేదాన్ని.
ఊపిరి బిగబట్టాల్సింది నేను కాదు, తను.
ఎవరి గీత వాళ్లు గీసుకోలేరు పిల్లా!
మెడ తిప్పావా, కాలూ తిరుగుతుంది."

బస్సు హిల్‌టౌన్ ఎత్తు ఎక్కుతూ మూలిగింది.
ఆమె గొంతు తగ్గించింది.
"అర్ధరాత్రి వచ్చేది,
గీత ఒకచోట చెరిగి ఉండేది.
అమ్మ లేచేలోపు దాన్నీ నేనే కలిపేదాన్ని.
ఎవరి చెయ్యని అడగలేదు."
దిగిపోతూ నా భుజం మీద చెయ్యి వేసింది,
ఆసరా కోసమే కావచ్చు.

పరీక్ష రోజు ఫెర్గస్ బల్లెక్కాడు
ఒక్క కాలే గొరుక్కుని
(రెండోది దండగన్నాడు).
నేను మోకాళ్ల మీద కూర్చున్నాను, ఎనిమిదేళ్ల ఎత్తుకి.
చిటికెన వేలు ఆనించాను.
చర్మం వెచ్చగా ఉంది, లోపల ఏదో చిన్నగా కొట్టుకుంటోంది.
ఏ శతాబ్దపు ఫోటోలోనూ కనబడలేదు నాకిది.
"ఊపిరి పట్టు" అన్నాను.
పట్టాడు.
పెన్సిల్ మడమ దగ్గర బయల్దేరి
ఎక్కడా దారి అడగకుండా పైకి నడిచింది.

టీచరు వంగి చూసింది. "ఊఁ."
ఇది ఇంకో ఊఁ.
కాగితం మీద అంకె వేసి పక్క బల్లకి వెళ్లింది.

ఆమె అటు తిరిగాక
మోకాలికి కాస్త కింద, ఒక్కచోట,
బొటనవేలితో
కొంచెం చెరిపాను.